నిలబడి ఉన్న గోడే మీకు ఆధారం

ప్రశ్న: మాది అలంపూర్. నవబ్రహ్మ ఆలయాల ప్రహరీకి అరవై మీటర్ల లోపే మా తాత కట్టిన మట్టిమిద్దె ఉంది. నాన్న పోయాక అందులో అమ్మ ఒక్కతే ఉంటోంది. నాకు కర్నూలులో ఉద్యోగం, తమ్ముడికి హైదరాబాదులో. పోయిన వానాకాలం పడమటి గోడ కూలింది, నడిమింటి దూలం విరిగింది, మిద్దె అంతా ఉరుస్తోంది. మొత్తం తీసేసి, పిల్లర్లు వేసి, పైన ఒక అంతస్తుతో కట్టుకుందామని కంకర, ఇసుక, సలాకలు దింపాం. ఇంటి పర్మిషన్ కూడా తీసుకున్నాం. గడ్డపార పట్టకముందే పురావస్తు శాఖవాళ్లు పని ఆపాలని, పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని నోటీసు అంటించిపోయారు. మా వీధిలోనే రెండంతస్తుల ఇళ్లు మూడున్నాయి. వాళ్లకు లేని అడ్డం మాకెందుకు? "వరసగా సెలవులు చూసి గోడలు లేపేద్దాం, తర్వాత ఎవరూ ఏం చేయలేరు" అంటున్నాడు మేస్త్రీ. ఊరి చివర రోడ్డు దగ్గర మాకు పాత పశువుల దొడ్డి ఉంది. ఇల్లు అమ్ముదామన్నా గుడి పక్కదని కొనేవాళ్లు వెనకాడుతున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, అలంపూర్, జోగులాంబ గద్వాల జిల్లా

జవాబు: ముందు మేస్త్రీ మాట పక్కన పెట్టండి. మిగిలిన మూడు గోడలను ముట్టకండి. ఇల్లు నిలబడి ఉన్నంతకాలం మీకో దారి ఉంది. దాన్ని మీ చేతులతో నేలమట్టం చేశారా, మిగిలేది ఖాళీ జాగా. ఆ జాగాలో కొత్తగా ఒక ఇటుక పెట్టాలన్నా చట్టం ఒప్పుకోదు. గుడుల దగ్గర ఇళ్లున్నవాళ్లు ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఇల్లు దించేశాక నా దగ్గరికి వచ్చినవాళ్లకు చెప్పగలిగింది చాలా తక్కువ. మీరు దించకముందే అడిగారు, అది మీ అదృష్టం.

మీ ఊళ్లో రెండు శాఖల గుడులున్నాయి. జోగులాంబ అమ్మవారి ఆలయ పాలన దేవాదాయ శాఖది. బాదామి చాళుక్యుల కాలపు బ్రహ్మ ఆలయాలు మాత్రం కేంద్ర పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉన్నాయి. అందుకే మీకు వర్తించేది కేంద్ర చట్టం, అంటే 1958 నాటి ప్రాచీన కట్టడాలు, పురావస్తు స్థలాల చట్టం, దానికి 2010లో వచ్చిన సవరణ. దాని ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి నాలుగు దిక్కులా 100 మీటర్లు నిషేధిత ప్రాంతం. ఆ వంద దాటాక ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత ఎక్కడినుంచి అన్నది చూసుకోండి. గర్భగుడి నుంచి కాదు, గోపురం నుంచి కాదు, నోటిఫై చేసిన రక్షిత హద్దు నుంచి. మీరనుకుంటున్న అరవై మీటర్లు టేపు పెట్టి చూస్తే ఇంకా తగ్గొచ్చు. ఏదెలా ఉన్నా మీ ఇల్లు నిషేధిత ప్రాంతంలోనే ఉంది, అందులో సందేహం పెట్టుకోకండి.

చార్మినారుకూ వంద మీటర్లే, ఎక్కడో పొలంలో ఉన్న ఒంటరి మైలురాయికీ వంద మీటర్లే. కట్టడాన్ని బట్టి, ఊరిని బట్టి కొలత మార్చకపోవడం ఈ చట్టంలో పెద్ద లోపమని నా అభిప్రాయం. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందంటే కూడవెల్లి ఊళ్లోని సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి మీ ఊరికే తెచ్చి నిలబెట్టారు. గుడికి ఆ వెసులుబాటు దొరికింది, గుడి పక్క మనిషికి దొరకలేదు. కోర్టులో మాత్రం నా అభిప్రాయానికి విలువ లేదు, చట్టంలో రాసి ఉన్నదానికే విలువ.

రాసి ఉన్నదేమిటో చూద్దాం. నిషేధిత ప్రాంతంలో కొత్త నిర్మాణం కుదరదు. ఉన్న ఇంటిని పక్కకు పెంచడం, పైకి లేపడం కూడా చట్టం దృష్టిలో నిర్మాణమే. కాబట్టి మీ పై అంతస్తు ఆశ ఇక్కడితో సరి. అయితే 20-సి సెక్షన్‌లో ఒక తలుపు తెరిచి ఉంది. 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇల్లయితే దాని యజమాని మరమ్మతుకు, పునరుద్ధరణకు కాంపిటెంట్ అథారిటీకి, అంటే ఈ అనుమతులిచ్చే అధికారికి, దరఖాస్తు చేసుకోవచ్చు. మీ తాత కట్టిన ఇల్లు ఈ తలుపులో హాయిగా పడుతుంది.

ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది, మా వకీళ్లలోనే దీనిమీద వాదనలున్నాయి. ఈ చట్టం మరమ్మతును, పునర్నిర్మాణాన్ని వేరువేరుగా చూస్తుంది. పాత కొలతల్లోనే, పాత ఎత్తులోనే ఇంటిని మళ్లీ లేపడం పునర్నిర్మాణం. 'నిర్మాణం' అన్న మాటకు ఇచ్చిన అర్థంలో ఈ పునర్నిర్మాణాన్ని కలపలేదు కాబట్టి నిషేధిత ప్రాంతంలోనూ దానికి అడ్డు లేదని ఎవరైనా మీకు చెప్పొచ్చు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అదే చట్టం నిషేధిత ప్రాంతంలో దరఖాస్తుకు వీలిచ్చింది మరమ్మతుకూ పునరుద్ధరణకే. పునర్నిర్మాణం అన్న మాట నియంత్రిత ప్రాంతం దగ్గరే కనిపిస్తుంది. హైకోర్టులో నేను ఆ వాదన చేయగలను. మీ అమ్మ నెత్తిమీది కప్పును ఆ వాదనకు తాకట్టు పెట్టమని మాత్రం చెప్పలేను.

మరి మరమ్మతు ఎంతవరకు? కూలిన పడమటి గోడను పాత పునాది మీదే తిరిగి లేపడం, విరిగిన దూలం మార్చడం, దూలాల మీద అడ్డంగా పరిచిన కర్రల్లో, అంటే దంతెల్లో, పుచ్చినవి తీసి కొత్తవి వేయడం, కొత్త గచ్చు చేయడం మరమ్మతు కిందికే వస్తాయని దరఖాస్తులో చెప్పుకోవచ్చు. మట్టి గోడలు స్లాబు బరువు మోయవు. దానికి పిల్లర్లు లేపాలంటే పాత ఇల్లంతా తీయాల్సిందే, అప్పుడది మరమ్మతు అనిపించుకోదు. నేను ఇంజనీరును కాను గానీ, పాలమూరు వైపు పాత మిద్దెలకు కర్ర దూలాల స్థానంలో ఇనుప గర్డర్లు వేసి, పైన బండలు పరిచి, సందులు పూడ్చిన ఇళ్లు చాలానే చూశాను. గోడలు ఉంటాయి, ఎత్తు మారదు, ఏటేటా చౌడు మన్ను ఎక్కించే పని తప్పుతుంది. లైసెన్సున్న ఇంజనీరుతో ఈ లెక్కన నక్షా గీయించండి. ఆ నక్షాలో వీధివైపు అరుగులు కూడా వేయించండి. అరుగే కదా అని వదిలేస్తారు చాలామంది. రేపు అది ఊడి మళ్లీ కట్టుకోబోతే, కాగితంలో లేని అరుగు కొత్త నిర్మాణమవుతుంది. సాయంత్రం పూట మీ అమ్మగారు ఇరుగుపొరుగుతో కూర్చునేది దానిమీదే అనుకుంటాను.

రుజువుల మాటకొస్తే, ఊరి మధ్య పాత ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో, అంటే ఊరి నివాసాలకని వదిలిన స్థలంలో, ఉంటాయి. రిజిస్టరు దస్తావేజు ఉండదు. భయపడనక్కర్లేదు. 1992కు ముందటి ఇంటిపన్ను రసీదు ఒక్కటి దొరికినా బలమైన ఆధారమే. ట్రంకు పెట్టె అడుగున పాత కరెంటు బిల్లు, భాగ పంపకాల కాగితం, ఇంటి నంబరున్న పాత ఓటరు జాబితా, ఏదున్నా బయటికి తీయండి. ఏమీ దొరకకపోతే అప్పటి పంచాయతీ ఇంటిపన్ను రిజిస్టరులో మీ తాత పేరున్న పేజీ నకలు కావాలని సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. మీ వీధికి సంబంధించి రక్షిత హద్దు, నిషేధిత హద్దు చూపే సర్వే నక్షా కోసం పురావస్తు సంస్థ హైదరాబాద్ సర్కిల్‌కు వేరే దరఖాస్తు పెట్టండి. ఇల్లు ఇంకా తాత పేరునే ఉంటే అమ్మగారు, మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లుంటే వాళ్లూ కలిసి సంతకం చేయండి. వారసుల్లో ఒకరు అడ్డం తిరిగితే దరఖాస్తు అక్కడే ఆగుతుంది.

మరమ్మతు దరఖాస్తు నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. చట్టం పెట్టిన గడువులు ఇవి: కాంపిటెంట్ అథారిటీ 15 రోజుల్లో దాన్ని ఢిల్లీలోని నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీకి పంపాలి, ఆ అథారిటీ రెండు నెలల్లో తన సిఫార్సు చెప్పాలి, అది అందిన నెలలోపు కాంపిటెంట్ అథారిటీ మీకు నిర్ణయం తెలపాలి. కాదనేటట్టయితే మీ మాట విని, కారణాలు రాసి మరీ కాదనాలి. గడువు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే, కారణం లేకుండా తిరస్కరిస్తే, హైకోర్టులో రిట్ వేయాలి. అథారిటీ తేల్చాల్సిన విషయం మీద గద్వాలలోనో అలంపూర్‌లోనో సివిల్ దావా వేస్తే నిలవదు, ఫీజు దండగ.

మీకొచ్చిన నోటీసును పారేయకండి, భయపడి ఏ తెల్ల కాగితం మీదా సంతకం పెట్టకండి. గడువులోపే జవాబు రాయండి. నిర్మాణం మొదలుపెట్టలేదని, సామగ్రి మాత్రమే దింపామని, ఇల్లు 1992కు ముందుదని, 20-సి కింద మరమ్మతుకు దరఖాస్తు చేస్తున్నామని నాలుగు వాక్యాలు చాలు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. కంకర, సలాకలు దొడ్డికి తరలించి, వీధి ఖాళీగా ఉన్న ఫొటో జతచేయండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, మీరు చెప్పేది అధికారి నమ్మేలా చేసేది ఆ ఫొటోనే.

మీ దగ్గరున్న ఇంటి పర్మిషన్ ఈ విషయంలో కాపాడదు. స్థానిక సంస్థ ఇచ్చేది దాని నిబంధనల మేరకు, కేంద్ర చట్టం అడిగే అనుమతి వేరే. సెలవుల్లో గోడలు లేపితే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పైగా కట్టింది తీసేయమని ఉత్తర్వు. మేస్త్రీ కూలి తీసుకుని వెళ్లిపోతాడు, కేసులో పేరుండేది మీది. చూసీ చూడనట్టు ఉండటానికి ఎవరికైనా ఏదైనా ఇద్దామన్న ఆలోచనా వద్దు. తెలిసి ఊరుకున్న కేంద్ర అధికారికి అదే చట్టం మూడేళ్ల దాకా శిక్ష పెట్టింది, కాబట్టి ముడుపు తీసుకున్నవాడే రేపు తనను కాపాడుకోవడానికి మీమీద ముందుగా కేసు రాస్తాడు.

ఆ మూడు రెండంతస్తుల ఇళ్ల సంగతి. వాటిలో 1992కు ముందువి ఉండొచ్చు. 2010కి ముందు ఒక సలహా కమిటీ నిషేధిత ప్రాంతంలోనూ సడలింపులిచ్చేది, 2009లో ఢిల్లీ హైకోర్టు అది చెల్లదంది, 2010 సవరణ కొత్త అనుమతుల తలుపు మూసేసింది. లేదా ఏ అనుమతీ లేకుండానే లేచి ఉండొచ్చు. ఏదైనా మీకు పనికిరాదు. పొరుగువాడు తప్పు చేసి తప్పించుకున్నాడు కాబట్టి నన్నూ వదిలేయండని సమానత్వ హక్కు కింద అడగలేమని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. మీ జవాబులో ఆ ఇళ్ల ప్రస్తావన తేవద్దు. దానివల్ల మీ నోటీసు రద్దు కాదు, ముగ్గురు పొరుగువాళ్లతో జీవితాంతం పగ మిగులుతుంది. మీమీద ఫిర్యాదు ఎవరు చేశారో ఆరా తీయడమూ అంతే.

మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఆ దొడ్డి. కొలిపించండి. రక్షిత హద్దుకు 300 మీటర్లు దాటితే ఈ చట్టంతో పనేలేదు, మామూలు ఇంటి పర్మిషన్ చాలు. 100కూ 300కూ మధ్య ఉంటే అనుమతి తీసుకుని కొత్త ఇల్లే కట్టొచ్చు, ఎత్తుకు మాత్రం షరతులు పెడతారు. మీ పిల్లర్లు, మీ పై అంతస్తు అక్కడ కట్టుకోండి.

అమ్మకానికి ఈ చట్టం అడ్డు చెప్పదు. కొనేవాళ్ల దగ్గర ఈ ఆంక్షనూ నోటీసునూ దాచిపెట్టి అమ్మితే మాత్రం రేపు వాళ్లు మిమ్మల్నే కోర్టుకు లాగుతారు. నన్నడిగితే మరమ్మతు అనుమతి చేతిలో ఉన్న పాత ఇంటికి, నోటీసు అంటించిన పాత ఇంటికి ధరలో చాలా తేడా ఉంటుంది. తొందరపడకండి.

మీ వీధివాళ్లందరికీ ఇంకో మాట. మురుగు కాలువలు, వీధి నల్లాలు, కరెంటు స్తంభాలు, పబ్లిక్ మరుగుదొడ్లు 'నిర్మాణం' కిందికి రావని చట్టమే చెబుతోంది. గుడి పేరు చెప్పి ఆ పనులు ఎవరైనా ఆపితే ఆ నిర్వచనం కాగితం మీద రాసి చూపించండి. ప్రతి రక్షిత కట్టడానికీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికీ వారసత్వ ఉపనియమాలు తయారుచేయాలని కూడా చట్టంలో ఉంది. ముసాయిదాను జనం అభ్యంతరాల కోసం ప్రకటిస్తారు. ఒక్కొక్కరు నోటీసు వచ్చినప్పుడు ఉరకడం కన్నా, ఇరవై ఇళ్లవాళ్లు కలిసి ఒకే దరఖాస్తులో హద్దుల నక్షా అడగడం, ఉపనియమాల్లో మిద్దె ఇళ్ల మరమ్మతు గురించి రాయించుకోవడం వందరెట్లు మేలు.

అనుమతి వచ్చేదాకా వాన ఆగదు కాబట్టి, విరిగిన దూలం కింద రెండు మొద్దులు దన్నుగా నిలబెట్టి, మిద్దె మీద టార్పాలిన్ కప్పండి. చేసే ముందు, చేశాక తేదీ కనబడేలా ఫొటోలు తీయండి. ప్రాణభయంతో ఇంతమాత్రం చేశామని నోటీసు జవాబులోనే ఒక వాక్యం కలపండి. పడమటి గోడ పక్క గది ఖాళీ చేయించి, అమ్మగారి మంచం ఈ వారమే తూర్పు గదిలోకి మార్చండి.