నూడుల్స్ జావైపోయాయి, ఏం చేయను?

ప్రశ్న: డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నానండీ. పొద్దున వెళ్తూ స్లో కుక్కర్‌లో చికెన్, రైస్ నూడుల్స్, థాయ్ రెడ్ కర్రీ పేస్ట్, కొబ్బరిపాలు అన్నీ ఒకేసారి పడేసి వెళ్లాను. సాయంత్రం మూత తీస్తే నూడుల్స్ జావ, పాలు విరిగిపోయి పైన నూనె తేలుతోంది. తప్పెక్కడ?

జవాబు: ఒకేసారి పడేయడమేనమ్మా తప్పు! పొద్దున ఎముకల్లేని తొడ ముక్కలు (బ్రెస్ట్ అయితే పీచులా ఎండిపోతుంది), పేస్ట్, అల్లం, చితక్కొట్టిన నిమ్మగడ్డి, కప్పు చికెన్ స్టాక్, అంతే వేయండి. ‘లో’ మీద 4 నుంచి 5 గంటలు చాలు, టైమర్ ఉంటే తర్వాత అదే ‘వార్మ్’కి మారిపోతుంది. ఇంటికొచ్చాక ‘హై’లో పెట్టి చిక్కటి కొబ్బరిపాలు పోసి అరగంట ఉంచండి. ఈలోగా నూడుల్స్‌ని గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టండి, వేలికి చుడితే విరగకుండా వంగాలి కానీ కొరికితే మధ్యలో కాస్త గట్టిగా తగలాలి, అప్పుడు వడకట్టి చివరి పది నిమిషాల్లో కలపండి. ఫిష్ సాస్‌లోనే బోలెడు ఉప్పుంటుంది, అది వేసి రుచి చూశాకే ఉప్పు సంగతి. నిమ్మరసం మాత్రం స్విచ్ ఆపేశాకే. పైన వేయించిన పల్లీలు, కొత్తిమీర. నేనైతే రెండు పచ్చిమిరపకాయలు కూడా చీల్చి వేస్తాను.