ఇంటర్ తరువాత జర్మనీలో నర్సింగ్ శిక్షణ: ముందుగా దేనికి సిద్ధపడాలి?

మీ చెల్లెలు ఇంటర్ బైపీసీ పూర్తి చేశారని, జర్మన్ భాషలో బి1 (మధ్యస్థ) స్థాయి ఉంటే నర్సింగ్ అవుస్‌బిల్డుంగ్‌కు (పని చేస్తూ స్టైపెండుతో నేర్చుకునే వృత్తి శిక్షణకు) పంపిస్తామని ఒక కన్సల్టెన్సీ చెబుతున్నదని, ఏమేమి సిద్ధం చేసుకోవాలని అడిగారు. స్టుట్‌గార్ట్ సమీపంలోని ఒక ఆసుపత్రిలో ఇదే శిక్షణ పూర్తి చేసి అక్కడే నర్సుగా పనిచేస్తున్నాను కనుక, నా అనుభవం మేరకు వ్రాస్తున్నాను.

బి1 వీసాకు సరిపోవచ్చు గాని వార్డుకు సరిపోదు. ఈ మూడేళ్ళ శిక్షణలో 2,100 గంటలు తరగతి, 2,500 గంటలు ఆసుపత్రి, వృద్ధాశ్రమం, రోగుల ఇళ్ళు వంటి చోట్ల పని ఉంటుంది. మొదటి ఆరు నెలలు ప్రొబేషన్. ఆ గడువులో ఒప్పందాన్ని యాజమాన్యం నోటీసు లేకుండానే రద్దు చేసుకోవచ్చు. షిఫ్టు మారేటప్పుడు ఒక నర్సు పదిమంది రోగుల వివరాలను గడగడా చెప్పుకుపోతుంటే విని రాసుకోవలసింది, ఎనభై ఏళ్ళ పెద్దాయన ఇక్కడి ష్వాబిష్ యాసలో నొప్పి ఎక్కడో చెబితే గ్రహించవలసింది సరిగ్గా ఆ ఆరు నెలల్లోనే. కాబట్టి ప్రయాణం ఒక ఏడాది ఆలస్యమైనా సరే, దాని పై స్థాయి బి2 మన దేశంలోనే పూర్తి చేసి రమ్మంటాను. గోథె సంస్థ జరిపే జర్మన్ భాషా పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగు వేర్వేరు మాడ్యూళ్ళు, ఒక్కొక్కదానిలో నూటికి 60 రావాలి. తప్పినదాన్ని మాత్రమే మళ్ళీ రాయవచ్చు. హైదరాబాదులో గోథె జెంట్రుమ్ (గోథె కేంద్రం) ఉంది. మనవాళ్ళు వ్యాకరణం బాగా నేర్చుకుని వినడంలో వెనుకబడతారు, అందువల్ల రోజూ జర్మన్ రేడియో వార్తలు వినడం అలవాటు చేయించండి.

రెండవది, పని స్వభావం. మన ఆసుపత్రుల్లో రోగికి స్నానం చేయించడం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడం ఎక్కువగా ఇంటివారో ఆయాలో చూసుకుంటారు. ఇక్కడ అది నర్సు పనిలో భాగమే, శిక్షణ మొదట్లో అయితే ఇంజెక్షన్ల కంటే అదే ఎక్కువ. ఈ సంగతి ఏ కన్సల్టెన్సీ ప్రకటనలోనూ నాకు కనబడలేదు. వీలైతే మీ ఊళ్ళోని వృద్ధాశ్రమంలో కొన్ని వారాలు ఆమెను సాయానికి పంపండి. అది ఆమెకు నచ్చకపోతే టికెట్ కొనకముందే తెలియడం మంచిది.

కాగితాల విషయానికి వస్తే, పదో తరగతి, ఇంటర్ మార్కుల మెమోలకు అధికారిక అనువాదకులతో జర్మన్ అనువాదం చేయించి, ఆమె చేరబోయే జర్మన్ రాష్ట్రంలో వాటికి గుర్తింపు తెచ్చుకోవాలి. దీనికి నెలలు పట్టవచ్చు, కనుక భాష నేర్చుకుంటూనే మొదలుపెట్టండి. మెమోలోనూ పాస్‌పోర్టులోనూ ఇంటిపేరు ఒకే విధంగా ఉన్నదో లేదో ఇప్పుడే చూడండి.

ఒప్పంద పత్రంలో స్టైపెండు, వసతి అద్దె, మధ్యలో మానేస్తే తిరిగి చెల్లించవలసిన మొత్తం ఏదైనా ఉంటే అది, ఈ మూడు ఎక్కడ వ్రాశారో వెతకండి. ప్రభుత్వ వేతన ఒప్పందం వర్తించే ఆసుపత్రుల్లో మొదటి ఏడాది నెలకు 1,300 యూరోలకు పైగా ఇస్తారు, బీమా, పెన్షన్ కోతలు పోగా వెయ్యికి కాస్త పైన చేతికి వస్తుంది. అద్దె పోను ఒక మనిషికి సరిపోతుంది గాని, అప్పు చేసి వస్తే కిస్తీలు కట్టడానికి మిగలదు. లక్షల్లో రుసుము అడిగేవారికి డబ్బు కట్టేముందు తెలంగాణలో టామ్‌కామ్‌ను, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్‌ను సంప్రదించండి. ఇవి విదేశీ ఉద్యోగాల కోసం ఆయా ప్రభుత్వాలు నడిపే సంస్థలు. ప్రైవేటు ఏజెంటయితే కేంద్ర ప్రభుత్వపు ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఆయన లైసెన్సు సరిచూడండి.

అన్నట్టు, ఆమె ఈలోగా మన దేశంలోనే జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) లేదా బీఎస్సీ నర్సింగ్‌లో చేరే ఆలోచనలో ఉంటే, ఆ తరువాత ఈ శిక్షణను మొదటి నుంచి చేయనక్కర్లేదు. ఆ చదువుకు గుర్తింపు తెచ్చుకుని నర్సుగా చేరే దారి వేరే ఉంది, దానికి బి2 కావాలి.