పూర్ణాంకాలకూ పూర్ణ సంఖ్యలకూ సంబంధం ఏమిటి? రెండూ ఒకటే కాదా?

ఒకటి కావు. 0, 1, 2, 3 ఇలా సాగేవి పూర్ణాంకాలు; వాటికి -1, -2, -3 వంటివి కూడా చేరితే పూర్ణ సంఖ్యలు. ప్రతి పూర్ణాంకమూ పూర్ణ సంఖ్యే, కానీ -3 పూర్ణ సంఖ్య అవుతుంది గానీ పూర్ణాంకం కాదు. మలక్‌పేటలో మా ఇంట్లోనే పిల్లలకు 22 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఇంత దగ్గరి పేర్లు రెండింటికి పెట్టడం వల్ల ఆరో తరగతి పిల్లలు పడే తికమకను ఏటా చూస్తున్నాను.

రెండేళ్ల క్రితం ఒక అబ్బాయి నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టాడు. పూర్ణాంకాల పాఠంలో 5 నుంచి 8 తీసివేయడం "సాధ్యం కాదు" అని రాస్తే మార్కు వచ్చింది. పూర్ణ సంఖ్యల పాఠంలో అదే లెక్కకు అదే జవాబు రాస్తే కొట్టివేశారు. "అప్పుడు కాదన్నరు, ఇప్పుడు ఎట్లయితది టీచర్?" అని అడిగాడు. ఆ ప్రశ్న చాలా న్యాయమైనది. పూర్ణాంకాలను ఎన్నింటిని కూడినా, గుణించినా పూర్ణాంకమే వస్తుంది, తీసివేతలో మాత్రం ఆ హామీ లేదు; ఆ లోటు తీర్చడానికే సున్నాకు ఎడమవైపు సంఖ్యలు కావలసి వచ్చాయి.

పుస్తకంలో ఇందుకు మంచు కురిసే ఊళ్ల ఉష్ణోగ్రతలు చూపిస్తారు. సున్నా డిగ్రీల చలి ఎన్నడూ ఎరుగని హైదరాబాదు పిల్లవాడికి దానివల్ల ఏం తెలుస్తుంది? నేను మా వీధి కిరాణా కొట్టు ఖాతా పుస్తకాన్ని గుర్తుచేశాను. 50 రూపాయలు తీసుకెళ్లి 70 రూపాయల సరుకు తెస్తే నీ దగ్గర ఎంత ఉన్నట్టని అడిగితే, ఏమీ లేదన్నాడు. మరునాడు అమ్మ 30 ఇస్తే అంతా నీదేనా అన్నాను. "కాదు టీచర్, ఇరవై బాకీ కట్టాలె కదా, పదే మిగుల్తయి" అన్నాడు. అంటే నిన్న వాడి దగ్గర ఉన్నది సున్నా కాదు, -20.

క్రీ.శ. 628లో గణితవేత్త బ్రహ్మగుప్తుడు బ్రహ్మస్ఫుటసిద్ధాంతం అనే గ్రంథంలో ఈ సంఖ్యలకు నియమాలు చెప్పినప్పుడు వాడిన మాటలు ధనం, ఋణం అనేవే: రెండు ఋణాలు కలిస్తే ఋణం, ధనమూ ఋణమూ కలిస్తే వాటి తేడా, రెండూ సమానమైతే శూన్యం. ఆ మాటలు తెలుగులో ఇప్పటికీ సజీవంగా ఉండగా ప్లస్, మైనస్ అని మాత్రమే వల్లె వేయించడం నాకు బాధగా ఉంటుంది. అప్పు అనే మాట తెలిసిన పిల్లలకు -20 అనేది -5 కన్నా ఎందుకు చిన్నదో రెండోసారి చెప్పవలసిన అవసరం నాకు రాలేదు.

ఆ అబ్బాయి వెళ్లేముందు పాత పాఠం పేజీ తిప్పి, "సాధ్యం కాదు" అన్న తన జవాబుకు ముందు "పూర్ణాంకాలలో" అని చేర్చుకున్నాడు.