దేవరకొండ అక్కకు: మీ తమ్ముడి విషయం

అక్కా, ఇంటర్ తప్పినప్పటి నుంచి తమ్ముడు గది దాటడం లేదని, కంచంలో అన్నం అలాగే వదిలేస్తున్నాడని, నాన్నగారేమో బద్ధకమని తిడుతున్నారని రాశారు. హైదరాబాద్ తీసుకెళ్లాలా అని అడిగారు. ముందే అంత దూరం అక్కర్లేదు.

ఈ రోజే 14416కు ఫోను చేయండి. 2022లో కేంద్రం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. తమ్ముడు మాట్లాడనంటే మీరే చేయండి, ఇంట్లోవాళ్లకూ సలహా ఇస్తారు.

తర్వాత నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి తీసుకెళ్లండి. వైద్య కళాశాల ఆసుపత్రి కాబట్టి మానసిక వైద్యులు ఉంటారు. ఓపీ చీటీ రాయించేటప్పుడే ఆ విభాగం కావాలని చెప్పండి. నిద్ర ఎప్పటి నుంచి చెడింది, తిండి ఎంత తగ్గింది, ఏయే మాటలు అంటున్నాడు, అన్నీ కాగితం మీద రాసుకెళ్లండి. డాక్టరు ఎదుట కూర్చోగానే సగం మరిచిపోతాం. వీలైతే నాన్నగారినీ వెంట తీసుకెళ్లండి. ఇది జబ్బు కావచ్చని మీరు చెబితే వినని మనిషి, డాక్టరు చెబితే వినవచ్చు.

ఒక్కటి మాత్రం ఆలస్యం చేయకండి. పత్తి చేనుకు తెచ్చిన పురుగుమందు ఇంట్లో ఉంటే ఇప్పుడే అక్కడి నుంచి తీసేయించండి. బతకాలని లేదన్న మాట వస్తే అతన్ని ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఏదైనా తాగాడని అనుమానం వస్తే వెంటనే 108కి ఫోను చేయండి.

అతనికి 18 ఏళ్లు నిండకపోతే పిల్లల సహాయవాణి 1098 కూడా ఉంది.