రాజుగారి పెళ్లికి పద్యం చెప్పవలసినప్పుడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తంజావూరు నాయకరాజుల కొలువు మీద రాస్తున్న నాటకంలో ఆస్థానకవి చేత పెళ్లి పద్యాలు చదివించదలచి, నాలుగుసార్లు రాసి చించేశానని తెలియజేశావు. చించినందుకు సంతోషించాను. నువ్వు పంపిన చిత్తుప్రతి నిండా ఇంద్రుడు, చంద్రుడు, మన్మథుడు ఉన్నారు గాని, పెళ్లికూతురు ఎక్కడా లేదు. ఇది నేనూ చేసిన తప్పే. ఒకానొక జమీందారీ వంశంవారి పెళ్లిలో పంచరత్నాలు చదివి దిగుతుంటే, పెళ్లికూతురి అమ్మమ్మ నన్ను ఆపి, "మా పిల్ల పేరేది బాబూ?" అని అడిగింది. ఐదు పద్యాల్లోనూ ఆ పేరు లేదు.

ముందుగా రంగాజమ్మ మన్నారుదాసవిలాసం చదువు. 17వ శతాబ్దంలో విజయరాఘవనాయకుడి కొలువులో ఉంటూ, అతడు కాంతిమతిని పెళ్లాడిన కథను ఆమె ప్రబంధంగానూ యక్షగానంగానూ రచించింది. మన్నారుదాసుడంటే మన్నారుగుడి రాజగోపాలస్వామికి దాసుడు, అంటే ఆ రాజే. రాజును దేవుడితో పోల్చడం ఏ కవికైనా చేతనవును. దేవుడి దాసుడని పిలుస్తూనే రాజు గొప్ప తగ్గకుండా చూడటంలోనే నేర్పంతా ఉంది.

ఇక ఛందస్సు. ఆస్థానకవి తొలి పద్యాన్ని 'శ్రీ'తో ఎత్తుకోవాలనుకుంటాడు. శార్దూలం మగణంతోనూ ఉత్పలమాల భగణంతోనూ మొదలవుతాయి. రెండూ శుభగణాలే, 'శ్రీ' గురువు కనుక రెండింటిలోనూ ఇముడుతుంది. మత్తేభం మొదట లఘువుతో ఎత్తుకునే సగణం ఉంటుంది, దాన్ని లాక్షణికులు (ఛందశ్శాస్త్రం రాసినవారు) శుభమనలేదు. పైగా అక్కడ 'శ్రీ' పట్టదు, 'సిరి' అని సర్దుకోవలసిందే.

అసలు ఘట్టానికి మాత్రం సీసం వాడు. పెళ్లి తంతునంతా వర్ణించబోకుండా, అడ్డుతెర దించే ఆ ఒక్క క్షణాన్నే పట్టుకో. తెర కింద కనిపించే పారాణి పాదాలు మొదటి పాదంలో, జీలకర్ర బెల్లం ముద్ద పట్టుకున్న వేళ్లు రెండో పాదంలో, తెర అంచు మీదుగా తొంగిచూసే బాసికం మూడో పాదంలో వచ్చి, నాలుగో పాదంలో తెర జారుతుండగా, ఎత్తుగీతిలో చూపులు కలవాలి. సీసం నెమ్మదిగా నడుస్తుంది కనుక, సభలోనివారు కూడా ఆ తెర దిగేదాకా ఆగక తప్పదు.

కొలువులో మరో కవి కూడా వింటూ ఉంటాడన్న సంగతి నీ నాటకంలో ఎక్కడా లేదు. 1852లో ఢిల్లీలో బహదూర్ షా జఫర్ కొడుకు జవాన్ బఖ్త్ పెళ్లికి సెహరా (వరుణ్ణి దీవించే పెళ్లి కవిత) రాసిన ఉర్దూ కవి గాలిబ్, దీన్ని మించిన సెహరా ఎవరు చెబుతారో చూద్దామన్నట్టు ముగించాడు. పాదుషాకు కవితాగురువైన జౌక్ దానికి దీటుగా మరో సెహరా చెప్పాడు. చివరికి గాలిబే సంజాయిషీగా ఇంకో కవిత రాసుకోవలసి వచ్చింది. పెళ్లి పద్యం కూడా ఇంత కయ్యం తెచ్చిపెడుతుంది మరి! నీ ఆస్థానకవి పద్యం చదువుతున్నప్పుడు, ఓ మూల కూర్చున్న ప్రత్యర్థి యతిస్థానం దగ్గర కనుబొమ ఎగరేయనీ.

తిరగరాసిన ప్రతితోపాటు మంగళహారతి పాట కూడా పంపు. మంగళం పాడకుండా యక్షగానంలో తెర దించరు.

ఇట్లు,
మామయ్య