ఇంగ్లండ్‌లో నార్తర్న్ రైళ్లను ప్రైవేటుకి ఇచ్చి, మళ్లీ ప్రభుత్వమే ఎందుకు తీసుకుంది? ఆ కంపెనీ రైళ్లన్నీ అమ్ముకుని పోయిందా?

చదువుకని వెళ్లి, ఉద్యోగంతో కలిపి పదేళ్లు లీడ్స్‌లో ఉన్నాను. ఇల్లు హెడింగ్లీలో, అదే, క్రికెట్ గ్రౌండ్ ఉన్న హెడింగ్లీలోనే. రోజూ ఎక్కింది నార్తర్న్ రైలే.

అమ్ముకోవడానికి ఆ కంపెనీకి సొంత రైళ్లంటూ దాదాపు లేవండీ. 1993 చట్టంతో ప్రభుత్వ సంస్థ బ్రిటిష్ రైల్‌ని విడగొట్టినప్పుడు పట్టాలు రైల్‌ట్రాక్ అనే కంపెనీకి పోయాయి, బోగీలు మూడు లీజింగ్ కంపెనీలకి పోయాయి. నడిపే పనిని మాత్రం 25 ముక్కలు చేసి కాంట్రాక్టుకిచ్చారు. మన ఆర్టీసీ అద్దె బస్సులు తెలుసుగా, ఇది ఇంకో మెట్టు పైన. బస్సు ఒకడిది, రోడ్డు ఇంకొకడిది, డ్రైవరూ కండక్టరూ మాత్రం మనవాళ్లు అన్నట్టు.

యార్క్‌షైర్, ఈశాన్యం వైపు లైన్లు 1997లో ఎంటీఎల్ అనే ప్రైవేటు కంపెనీకి దక్కాయి. మరుసటేడు నార్తర్న్ స్పిరిట్ అని పేరు పెట్టారు. 2000లో ఎంటీఎల్‌నే అరైవా అనే ఇంకో కంపెనీ కొనేసింది. 2004 డిసెంబర్‌లో మాంచెస్టర్ వైపు లైన్లు కూడా కలిపి నార్తర్న్ రైల్ చేసి, సెర్కో అనే బ్రిటిష్ కంపెనీకీ ఒక డచ్ కంపెనీకీ ఉమ్మడిగా ఇచ్చారు. నన్నడిగితే అసలు తప్పు ఇక్కడే జరిగింది. ప్రయాణికులు పెరగరన్న లెక్క మీద కాంట్రాక్టు రాసుకున్నారు. జనం మాత్రం పెరిగారు.

అందుకే, కొత్త రైళ్లు రాక, పేసర్లనే పాత రైళ్లు అంతకాలం తిరిగాయి. 1980లలో లేలాండ్ బస్సు భాగాలతో చేసిన చవక రైలు అది. బోగీకి రెండే ఇరుసులు, బస్సు తలుపుల్లా మడతపడే తలుపులు. మన పల్లెవెలుగుని పట్టాలెక్కించినట్టు ఉండేది. మలుపు తిరిగితే కీచుమనేది. అక్కడివాళ్లు ముద్దుగా "తలాడించే గాడిద" అనేవారు. ఎందుకో నాకది ఇష్టం.

2016 ఏప్రిల్‌లో కాంట్రాక్టు అరైవాకి వెళ్లింది. మా లైన్లో ఒక పెద్దాయన గార్డు, టికెట్లు కొట్టేది కూడా ఆయనే. ఆ నెలలో కొత్త కంపెనీ యూనిఫాం టై చూపించి వేళ్ల మీద లెక్కపెట్టాడు: బ్రిటిష్ రైల్‌తో కలిపి ఐదోది!

2018 మేలో కొత్త టైంటేబుల్ బెడిసికొట్టింది. బోల్టన్ మీదుగా వెళ్లే లైను కరెంటు పనులు ఆలస్యమయ్యాయి. అవి నెట్‌వర్క్ రైల్‌వి (రైల్‌ట్రాక్ తర్వాత పట్టాలు చూసే సంస్థ), నార్తర్న్‌వి కాదు. దాంతో టైంటేబుల్ హడావుడిగా మార్చాల్సొచ్చింది, డ్రైవర్లకి రూట్లు నేర్పే టైం లేకపోయింది. మన లోకో పైలట్లు ఎల్ఆర్ అని కొత్త రూటు ముందే తిరిగి నేర్చుకుంటారే, అలాంటిదే. రూటు తెలియకుండా అక్కడా బండి ఇవ్వరు. జూన్‌లో రోజుకి 160కి పైగా సర్వీసులు తీసేశారు. విండర్‌మీర్ లైన్లో రెండు వారాలు రైళ్లాపి బస్సులు తిప్పారు. కొత్త స్పానిష్ రైళ్లు 2019 జూలైకి గానీ పట్టాలెక్కలేదు.

చివరికి 2020 మార్చి 1న ప్రభుత్వ కంపెనీ పగ్గాలు తీసుకుంది. సిబ్బంది వాళ్లే, బోగీల మీద పేరు కూడా నార్తర్నే. పేసర్లు మాత్రం ఆ నవంబర్ దాకా లాక్కొచ్చాయి.

2022లో వెళ్లినప్పుడు హెడింగ్లీలో హారోగేట్ బండి ఎక్కాను. ఆ గార్డు కనబడలేదు, రిటైరై ఉంటాడు. ఆరో టై కట్టాడో లేదో.