జింక మొహం కంటే ముందు నటి మొహం

అమ్మాయీ,

నువ్వు పంపిన జింకమ్మాయి పాత్ర మేకప్ స్కెచ్ చూశాను. గీత చాలా బాగుంది. కానీ ఆ బొమ్మలో జింక కనిపిస్తోంది, నటి కనిపించడం లేదు. రేపు ఆ పాత్రలో ఏడవాల్సింది, భయపడాల్సింది ఆవిడే కదా. అందుకే ముందు ఆవిడ లైఫ్‌కాస్ట్, అంటే మొహం అచ్చు తీసుకో, డిజైన్ దాని మీదే చెయ్యి. కాస్ట్ తీసేటప్పుడు ముక్కు రంధ్రాలు మూసుకుపోకుండా చూడటానికే ఒక మనిషిని పక్కన పెట్టుకో.

ఆవిడని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించు, నవ్వించు. చర్మం ఎక్కడ కదులుతోందో, ఎక్కడ ఎముకకి అంటుకుని కదలకుండా ఉందో చూసి రాసుకో. ముక్కు దూలం, చెంప ఎముకల మీద అతికించే మేకప్ పీసు మందంగా ఉన్నా ఫర్వాలేదు. నోటి మూలల్లో, కళ్ల చుట్టూ మాత్రం వీలైనంత పలచగా ఉండాలి. నువ్వు గీసినట్టు మూతిని అంత ముందుకు లాగితే లోపల పెదవి కదులుతుంది, పైన మూతి కదలదు. 1968లో వచ్చిన 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్'కి జాన్ ఛాంబర్స్ చేసిన మేకప్ అంత గొప్పది. అయినా అందులో నటించిన రాడీ మెక్‌డోవల్, మొహం మాస్కులా కనిపించకూడదంటే కండరాలని ఆపకుండా కదిలిస్తూ ఉండమని తోటి నటులకి చెప్పేవారు. మన నటికి అంత కష్టం ఎందుకు? మూతి తగ్గించు.

మరి జింక ఎలా కనిపిస్తుందంటావా? జింక కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి. మనిషి కళ్లని జరపలేం. కనుబొమల మధ్య నుంచి ముక్కు దూలాన్ని వెడల్పు చేసి, లేత రంగు వెయ్యి. కంటి బయటి మూలని ముదురు రంగుతో పక్కకి సాగదియ్యి. కళ్లు దూరంగా జరిగినట్టే అనిపిస్తాయి. లోపలి మూల కింద జింకకి ఒక నల్లటి చీలికలాంటి గ్రంథి ఉంటుంది. దాన్ని చిన్నగా చెక్కు. నా దృష్టిలో కొమ్ముల కంటే అదే ఎక్కువ పని చేస్తుంది. కొమ్ములంటే గుర్తొచ్చింది, రెయిన్‌డీర్‌ని వదిలేస్తే ఆడజింకలకి మామూలుగా కొమ్ములు ఉండవు. నీ పాత్ర ఆడపిల్ల కాబట్టి తీసేసినా తప్పు లేదు. కథకి కావాలంటే తేలికైన ఫోమ్‌తో చేసి, బరువంతా తలకి తొడిగే క్యాప్ మీద పడేలా బిగించు. నుదుటి పీసుకి అతికించొద్దు. చెవులు పైన పెడుతున్నావు కాబట్టి ఆవిడ సొంత చెవులు విగ్గు కింద దాగాలి, లేకపోతే నాలుగు చెవులు కనిపిస్తాయి.

చర్మం బయటికి కనిపించే చోట సిలికాన్ వాడు. ప్లాటినం సిలికాన్ (ప్లాటినం సాయంతో గట్టిపడే రకం) అయితే గంధకం ఉన్న క్లే (బొమ్మ చెక్కే మట్టి), లేటెక్స్ గ్లౌజులు దాని దరిదాపుల్లోకి రానివ్వకు. అవి తగిలిన చోట సిలికాన్ గట్టిపడదు, జిగురుగానే ఉండిపోతుంది. జిగురు, రిమూవర్ రెండూ ముందురోజే ఆవిడ చేతి లోపలి వైపు కొద్దిగా రాసి చూడు. దద్దుర్లు వస్తే షూటింగ్ రోజు టెన్షన్ పడి లాభం లేదు. లెన్సులు కావాలంటే కంటి డాక్టర్ చూసి ఇచ్చినవే పెట్టాలి, ఇందులో సర్దుబాటు వద్దు.

వెంట్రుకలకి మాత్రం టైమ్ ఎక్కువ ఉంచుకో. ముక్కు మీద నుంచి నుదుటి వైపు, చెంపల మీద వెనక్కి, ఇదీ వాటి దారి. అతికించడం వెనక నుంచి మొదలుపెట్టి ముక్కు వైపు రావాలి. పెంకుటింటి కప్పులాగా ఒక వరస కుదుళ్లని తర్వాతి వరస కప్పేస్తుంది. బొచ్చు ఆగి చర్మం మొదలయ్యే చోట గీత కనిపించకూడదు. అక్కడ ఒక్కొక్క వెంట్రుకే పెట్టుకుంటూ పలచన చెయ్యి, మధ్యలో మచ్చలు చిలకరించు.

లైఫ్‌కాస్ట్ అయ్యాక ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటోలు తీసి పంపు. క్లే ముట్టుకోకముందే ఒకసారి కూర్చుని మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మాస్టారు